కనిపించని దెబ్బ కోసం దిల్‌సుఖ్‌నగర్ దాకా

హైదరాబాదు ఇప్పుడు వెళ్లకు అని తెనాలిలో చెప్పనివాళ్లు లేరు. తెలంగాణ కోసం అక్కడ ఉద్యోగులంతా సమ్మెలో ఉన్నారు, ఆర్టీసీ బస్సులు డిపో దాటడం లేదు, గుంటూరు నంబరు బండి కనిపిస్తే అద్దాలు మిగలవు అన్నారు. తిరిగి వచ్చాక వాళ్లే వచ్చి, ఏం చూశావు అని అడుగుతున్నారు. ఆ మహానగరానికి తూర్పు చివర ఒక ముక్క చూశాను. చార్మినార్ చూడలేదు. గోల్కొండ చూడలేదు. చూసినంతవరకు రాస్తాను.

వెళ్లిన పని ముందు చెప్పాలి. తలకు దెబ్బ తగిలి, ప్రాణం దక్కి, మునుపటి మనిషి కాకుండా పోయినవాళ్లు ఉంటారు. కాళ్లూ చేతులూ బాగానే ఉంటాయి. జ్ఞాపకం ఉండదు, లేదా నిదానం ఉండదు, మొదలుపెట్టిన పని చివరిదాకా సాగదు. ప్రభుత్వం వికలాంగులకు ఇచ్చే ధ్రువపత్రంలో చూపుకు ఒక పేరుంది, వినికిడికి ఉంది, కాళ్లకు ఉంది, బుద్ధిమాంద్యానికి ఉంది, మానసిక రోగానికి ఉంది. వీళ్లకు లేదు. పేరు లేదు కనుక పింఛను లేదు, బస్సు పాసు లేదు, ఆస్పత్రి నుంచి పంపించేశాక పగటిపూట కాస్త చూసుకునే చోటు లేదు.

మా తమ్ముడు శ్రీను అలాగే కొన్నేళ్లు బతికి, పోయిన మాఘంలో చనిపోయాడు. వాణ్ణి హైదరాబాదు ఆస్పత్రిలో ఉంచినప్పుడు పక్క మంచాలవాళ్లతో అయిన పరిచయాలు వాడు పోయాక కూడా మిగిలాయి. అలాంటి కుటుంబాలు కొన్ని కలిసి ఒక విన్నపం తయారుచేసుకున్నాం. స్కూలు లైబ్రరీలో పనిచేసి రిటైరైన దాన్ని కనుక రాసే పని నాకు అప్పగించారు. దాన్ని సంబంధిత శాఖలో ఒక అధికారికి ఇచ్చి, మా మనుషుల్లో ఒకరిని ఆయనకు చూపించాలి. సమ్మెకు ముందు ఆయన ఫోనులో సరే రండి అన్నాడు. చూపించాల్సిన మనిషి సరూర్‌నగర్‌లో ఉండే భిక్షపతి.

హయత్‌నగర్ దాకా

విజయవాడలో ప్రైవేటు బస్సు ఎక్కాను. కోదాడ దగ్గరపడుతుండగా డ్రైవరు బండి పక్కకు తీసి, సీటు కింద నుంచి ఒక కాగితం తీసి అద్దానికి అతికించాడు. జై తెలంగాణ అని రాసుంది. తిరిగి వచ్చేటప్పుడు ఇక్కడే పీకేస్తాడట. జిగురైతే మరక పడుతుందని టేపు వాడుతున్నానని, అడగకుండానే చెప్పాడు. అందులో వెటకారం లేదు. వానొస్తే గొడుగు తీసినంత మామూలుగా చేశాడు.

హయత్‌నగర్‌లో అందరినీ దింపేశాడు. ముందు ఎల్‌బీ నగర్ చౌరస్తాలో రోడ్డు మీద వంట చేస్తున్నారని, ఇక పోనివ్వరని చెప్పాడు. సంచీ పట్టుకుని ఎండలో నిలబడ్డాను. షేరు ఆటో ఒకటి వచ్చింది. అప్పటికే లోపల ఐదుగురున్నారు.

"ఏడికమ్మా?" అన్నాడు డ్రైవరు.

"సరూర్‌నగర్ అండీ."

"అండీ అంటున్నవ్. ఆంధ్రనా?"

"తెనాలి."

"గిసొంటి టైంల ఎందుకొచ్చినవమ్మా? పెండ్లున్నదా?"

"ఒక ఆఫీసరుని కలవాలి."

ఆటోలో అందరూ నవ్వారు. ఒళ్లో గోనెసంచీ పెట్టుకున్న ముసలాయన, "ఆఫీసులకే తాళాలు వడ్డయ్, ఆఫీసర్ని కలుస్తదంట" అన్నాడు. "కలువు తల్లీ, దొరికితే మాగ్గూడ చెప్పు. నా పింఛన్ సంగతి అడగాలె."

మామూలుగా పది రూపాయలట, ఆ రోజు ముప్పై అన్నాడు డ్రైవరు. ఎక్కువ కదా అన్నాను. "సమ్మె రేటమ్మా" అన్నాడు. మా ఊళ్లో అయితే ఇలాంటి చోట ఒక చిన్న జగడం ఉంటుంది. ఇక్కడ ముసలాయన జరిగి నాకు చోటిచ్చి, "ఎక్కు, ఎక్కు, ఎండ గొడ్తది" అన్నాడు. ఎక్కాను.

ఎల్‌బీ నగర్ చౌరస్తా

వంటావార్పు అన్న మాట పేపర్లో చదివాను గాని చూడటం అదే మొదటిసారి. విజయవాడ రోడ్డు వచ్చి కలిసేచోట, లారీలు తిరగాల్సిన తారు మీద రాళ్లు పేర్చి పొయ్యిలు పెట్టారు. పెళ్లిళ్లకు వాడే గిన్నెలు. కొంతమంది ఆడవాళ్లు ఉల్లిపాయలు కోస్తున్నారు, కొంతమంది డప్పు దగ్గర ఆడుతున్నారు, పోలీసులు నీడ చూసుకుని నిలబడ్డారు. మా వైపు రాస్తారోకో అంటే అరిచి, రోడ్డు ఆపి, భోజనం వేళకు ఇళ్లకు పోతారు. ఇక్కడ భోజనం కూడా అందులో భాగమే.

ఆటో ఆగిపోయింది. డ్రైవరు తాళంచెవి జేబులో వేసుకుని నేరుగా వెళ్లి బంతిలో కూర్చున్నాడు. నేను ఆటోలోనే ఉండిపోయాను. గరిటె పట్టుకున్న ఒక పెద్దావిడ చూసి పిలిచింది.

"రా అక్కా, నాలుగు మెతుకులు తిను."

"నేను ఈ ఊరు కాదండీ" అన్నాను.

"ఎర్కైంది, నీ మాటనే చెప్తుంది. ఏమాయె? ఆంధ్రోల్లకు కడుపుండదా?"

పక్కనున్న ఆడవాళ్లు నవ్వారు. విస్తరి చేతిలో పెట్టారు. బగారన్నం, పచ్చిపులుసు. మేము చారు కాయకుండా తినం. వీళ్లు చింతపండు రసంలో ఉల్లిపాయ, పచ్చిమిరప, కాస్త నువ్వులపొడి వేసి పచ్చిగానే పోసుకుంటారు. ఎండలో అది లోపలికి దిగుతుంటే బాగుంది. రెండోసారి అడిగాను.

తింటుండగా, ఇంత గడబిడలో ఏ పని మీద వచ్చావని ఆమె అడిగింది. చెప్పాను. ఆమె గరిటె ఆపింది.

"మా మేనమామ కొడుకు గట్లనే చేస్తుండె. తాగుతుండనుకున్నం. మస్తు కొట్టిండ్రు వాన్ని ఇంట్ల."

"తాగేవాడు కాదా?"

"తాగలే. అంతకు ముంగట మిద్దె మీదికెల్లి పడ్డడు." ఆమె మళ్లీ గిన్నె వైపు తిరిగింది. "గది ఇది ఒక్కటేనని ఎవ్వలు చెప్పలే."

ఈ ప్రయాణంలో ఎక్కడ ఆగినా ఎవరో ఒకరు ఇలాంటి మాట ఒకటి చెప్పారు. మొదట్లో నోటుపుస్తకంలో రాసుకుందామనుకున్నాను. తర్వాత ఓపిక లేకపోయింది.

సరూర్‌నగర్

చెరువు వెనక సందులో రెండు గదుల ఇల్లు. గుమ్మంలో భిక్షపతి నిలబడి ఉన్నాడు. నలభై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల. నన్ను చూసి రెండు చేతులూ చాపాడు.

"రండమ్మా, రండి, కూసోండి. ఫ్యాన్ కిందికి జరుగుండ్రి. ఏం చూపియ్యమంటరు? పోచంపల్లి చూపియ్యాల్నా, గద్వాల చూపియ్యాల్నా? కొనకున్నా పర్వాలేదు, చూసుడుకు పైసల్లేవు."

ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణంలో సేల్స్‌మన్. పోచంపల్లి పక్క పల్లెలో మగ్గాల మధ్య పుట్టి పెరిగి, నేసే పని వదిలి అమ్మే పనికి వచ్చాడు. ఒక వానాకాలం సాయంత్రం చెరువు కట్ట మీద బండి జారింది. ఆయనా, మా శ్రీనూ ఒకే వార్డులో ఉన్నారు. దుకాణం వాళ్లు కొంతకాలం చూసి మానిపించారు. దుకాణం పోయినా దుకాణం మాటలు ఆయనకు అలాగే ఉన్నాయి. ఒక్క అక్షరం చెదరలేదు. అందుకే ఆయనతో పది నిమిషాలు మాట్లాడినవాళ్లెవరూ ఏదో అయిందంటే నమ్మరు.

భార్య అండాలు కుట్టుమిషను ముందు నుంచి లేచి వచ్చింది. చీరలకు ఫాల్సు కుట్టి ఇల్లు నడుపుతోంది. "సుశీలక్కా, బక్కగైనవ్" అంది. శ్రీను గురించి ఏమీ అనలేదు. ఆస్పత్రి వరండాల్లో పరిచయమైనవాళ్లు ఒకరినొకరు ఓదార్చుకోరు. అది నాకు హాయిగా ఉంటుంది.

సాయంత్రం దాకా ఆ ఇంట్లో కూర్చుని చూశాను. పొయ్యి మీద పాలు పెట్టి భిక్షపతి బయటికి వెళ్లిపోయాడు. అండాలు కుడుతూనే లేచి స్టవ్ ఆపి వచ్చింది. ఇంటి కిరాయి కోసం వచ్చిన ఓనరు, "ఏం భిక్షపతీ, పనికి పోతున్నవా?" అని అడిగితే ఆయన చిరునవ్వు నవ్వాడు, "వచ్చే నెల సంది పోతడు సార్" అని అండాలు జవాబిచ్చింది. పక్కింటావిడ ఏదో అడిగితే దానికీ ఆమే. ఆయన మాటకు, మాటకు మధ్య ఎక్కడ ఖాళీ వస్తుందో ఆమెకు తెలుసు. అక్కడ తన మాట పెడుతుంది. మిషను మీద గుడ్డ జరిపినంత సులువుగా.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. సమ్మెకు చాలా ముందే భిక్షపతిని ఒకసారి ధ్రువపత్రం కోసం ప్రభుత్వ దవాఖానలో డాక్టర్ల ముందుకు తీసుకెళ్లారు. పేరు, ఊరు, వారం, ప్రధానమంత్రి ఎవరు, ఇలాంటివి అడుగుతారని ఎవరో చెప్పారు. ఇల్లు చూస్తే కోచింగ్ సెంటర్లకు పేరుపడ్డ దిల్‌సుఖ్‌నగర్‌కు నడిచేంత దూరం. ఆ గాలి తగిలిందో ఏమో, అండాలు వారం పాటు భిక్షపతికి పొద్దూ మాపూ చదివించింది. కొత్త చొక్కా కొన్నది. దవాఖానకు పోయే దారంతా ఆటోలో మళ్లీ అప్పజెప్పించుకున్నది. ఆయన అన్నీ చెప్పాడు. ఒకటి రెండు చోట్ల తడబడితే పక్కనుంచి ఆమే అందించింది. డాక్టరు మెచ్చుకుని, ఏ లోపమూ లేదు అని రాసిచ్చాడు.

ఆ రోజు నాకు ఫోను చేసి ఆమె అన్న మాట, "మా ఆయన పాసయిండక్కా." కాసేపటికి మళ్లీ చేసి ఏడ్చింది.

"నలుగురి ముంగట ఆయనను తక్కువ గానియ్యొద్దనే నా బతుకంత కష్టపడుతున్న," అంది ఇప్పుడు, పాల గిన్నె కడుగుతూ. "ఆడ మాత్రం తక్కువ చేసి చూపెట్టాల్నంటే నాకెట్ల ఒస్తది? ఒక్క కార్డు ఉంటే చాలక్కా. ఆయన ఏడనన్న ఆగమైతే జేబుల ఉంటది. తాగుబోతని కొట్టేటోల్లకు చూపెడుత. నేను పెట్టుకున్న ఆశ గంతే."

అధికారి సంగతి అడిగాను. అప్పుడు చెప్పింది.

"సత్తయ్య సార్ ఆఫీసుల లేడు. సమ్మెల ఉన్నడు. దిల్‌సుఖ్‌నగర్ టెంట్ల కూసుంటుండు, రోజు."

అల్మాస్‌గూడ

మర్నాడు మా కుటుంబాలన్నీ కలవాలని ముందే అనుకున్నాం. అల్మాస్‌గూడలో మరియమ్మ అనే ఆవిడ వాళ్ల చర్చి పక్క గది ఇప్పించింది. ఆమె భర్త లారీ క్లీనరు. తలకు దెబ్బ తగిలాక మాట పోయింది. అల్మాస్‌గూడ పేరుకు పల్లె గాని కాలనీలు వచ్చి కలిసిపోయాయి. గేదెలు కాంక్రీటు రోడ్డు మీద పడుకుంటాయి.

బస్సులు లేక వస్తామన్నవాళ్లలో సగం మంది కూడా రాలేదు. మరియమ్మ అందరికీ అని చేసిన ఉప్మా చాలా మిగిలింది. తినండి తినండి అని మా చేతనే ఖాళీ చేయించింది. విన్నపం చదివాను. మొదటిది, ధ్రువపత్రంలో మెదడు దెబ్బకు వేరే పేరు. రెండోది, పెద్దాసుపత్రిలో మాట, నడక, జ్ఞాపకం మళ్లీ నేర్పే విభాగం. మూడోది, ఇంటివాళ్లు పనికి పోయి వచ్చేదాకా వాళ్లను ఉంచే ఒక చోటు. ఇంకా రెండు ఉన్నాయి. వాటి దగ్గరికి రాకముందే ఒక పెద్దాయన లేచాడు.

"గివన్ని ఇప్పుడెందుకమ్మా? ముందుగాల తెలంగాణ రానియ్యిండ్రి. వస్తే అన్ని ఔతయ్."

"వచ్చేదాంక మా ఆయనకు అన్నం నేనే తినిపియ్యాలె గద, పెద్దయ్యా" అంది మరియమ్మ. "తెలంగాణ తినిపియ్యదు గద."

"నేను గట్లనలే..."

ఆయన నావైపు తిరిగాడు. "మీ దిక్కు ఇస్తున్నరా అమ్మా? మీకన్న ఉన్నదా ఈ పేరు?"

"మా వైపూ లేదండీ."

"నిజంగనే లేదా?"

"లేదు."

ఆయన కూర్చున్నాడు. "పోనీ, గీ ఒక్క దాంట్లన్న ఇద్దరం సమానమే" అన్నాడు. గదిలో అందరూ నవ్వారు, ఆయనా నవ్వాడు. ఆ పూట జరిగిన దాంట్లో బాగున్నది అదొక్కటే. తర్వాత సంతకాలు, వేలిముద్రలు. మరియమ్మ భర్త కాగితం చూసి తల అడ్డంగా ఊపాడు. ఎందుకో ఎవరికీ తెలియలేదు. చెప్పే మాట ఆయన దగ్గర లేదు. ఆమె బతిమాలలేదు, కాగితం పక్కకు జరిపింది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటో దొరక్క చాలా దూరం నడిచాం. నాకు మోకాళ్లు నొప్పి. ఇంతమంది పడే ఈ పాట్లన్నీ ఒక కాగితం మీద ఎంత చోటు తీసుకున్నాయో తలుచుకుంటే చిన్నతనమనిపించింది.

దిల్‌సుఖ్‌నగర్

మూడో రోజు బంద్. భిక్షపతిని, అండాలును వెంటబెట్టుకుని నడిచి వెళ్లాను. రోజూ కాలు పెట్టే సందులేని దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు వెలవెలబోతోంది. కోచింగ్ సెంటర్ల బోర్డులు మాత్రం అంతస్తు మీద అంతస్తు, ర్యాంకులు వచ్చిన పిల్లల ఫొటోలతో. వాటి కింద దుకాణాల షట్టర్లు నడుము ఎత్తు దాకా దించి ఉన్నాయి. పూర్తిగా మూస్తే బేరం పోతుంది, తెరిస్తే ఉద్యమం పిల్లలు ఊరుకోరు. కావలసినవాళ్లు వంగి లోపలికి దూరుతారు. ఒక పట్టుచీర కట్టుకున్నావిడ అలా వంగి దూరడం చూశాను.

బస్టాపు దాటాక షామియానా. దాని కింద కుర్చీలు, మైకు, రిలే దీక్షలో ఉన్న ఉద్యోగుల మెడల్లో బంతిపూల దండలు. సత్తయ్య గారు రెండో వరసలో కూర్చుని పేపరు చదువుతున్నారు. రిటైరుమెంటుకు దగ్గరపడ్డ మనిషి, మెడలో గులాబీ కండువా. ఆ రోజు దీక్ష వంతు ఆయనది కాదు. నన్ను నేను చెప్పుకున్నాను. ఆయనకు గుర్తుంది.

"అమ్మా, నేను సమ్మెల ఉన్న. కాయిదం తీసుకోను, సంతకం పెట్టను. తప్పుగ అనుకోవద్దు."

"వింటారా?" అన్నాను.

ఆయన కుర్చీలు వెనక్కి, మైకుకు దూరంగా వేయించారు. "వినుడుకు సమ్మె లేదు. చెప్పుండ్రి."

భిక్షపతి అప్పటికే ఆయనకు దణ్ణం పెట్టాడు. "రండి సార్, ఎన్ని రోజులాయె మిమ్ముల చూసి. మేడం గారు బాగున్నరా? పిల్లలు బాగున్నరా?"

ఆయన ఆనందపడ్డారు. "బాగున్నరు బాబూ. మనం ఏడ కలిసినం?"

"మీరు మర్చిన్రు సార్, మేం మరువం" అన్నాడు భిక్షపతి. అది దుకాణంలో అందరితో అనే మాట. వీళ్లిద్దరూ అంతకుముందు ఎప్పుడూ కలవలేదు.

పదేళ్ల స్నేహితుల్లా మాట్లాడుకున్నారు. ఏం పని చేస్తవు, ఏ ఊరు, పిల్లలెంతమంది అని సత్తయ్య గారు అడిగినచోటల్లా అండాలు జవాబు అందిస్తూనే ఉంది. పోచంపల్లి దిక్కు సార్. సేల్స్ చేసేటోడు సార్. ఇద్దరు సార్, పెద్దది ఇంటర్. ఆయన నావైపు చూసి, గొంతు తగ్గించి, "గింత మంచిగున్నడు, ఏమైందమ్మా ఈయనకు? మా ఆఫీసుల సగం మందికన్న నయం" అన్నారు. నేను వివరించబోయాను. నా మాటలు నాకే విన్నపంలోని వాక్యాల్లా వినిపించాయి. మైకులో పాట మొదలైంది.

"చాయ్ తాగుదాం ఆగుండ్రి" అన్నారాయన. "భిక్షపతీ, ఎదురుంగ గా గల్లీల చాయ్ బండి ఉన్నది. పోయి నాలుగు చెప్పి రాపో."

"ఇప్పుడే తెస్త సార్."

అండాలు లేచింది. లేచి, సగంలో ఆగింది. నావైపు చూసింది. ఆమె మెల్లగా మళ్లీ కూర్చుని, కుర్చీ చేతులు రెండూ పట్టుకుంది.

భిక్షపతి ఖాళీ రోడ్డు దాటాడు. గల్లీ మొగలో చాయ్ బండి ఇక్కడికే కనిపిస్తోంది, పొగ కూడా. దాని పక్కనుంచే నడిచి వెళ్లిపోయాడు. ఒక బట్టల దుకాణం ముందు ఆగాడు. అది ఆయన పనిచేసింది కాదు. సగం దించిన షట్టర్ చూశాడు. దుకాణం అప్పుడే తెరుస్తున్నారనుకున్నాడో ఏమో, వంగి, రెండు చేతులతో దాన్ని పైకి ఎత్తాడు. మెట్టు మీద నిలబడి చేతులు చాపాడు.

"రండమ్మా, రండి! పోచంపల్లి, గద్వాల, ధర్మవరం! చూసుడుకు పైసల్లేవు!"

టెంటులో తలలు అటు తిరిగాయి. దుకాణం లోపలి నుంచి ఓనరు పరిగెత్తుకొచ్చి, "అరే, ఎవడ్రా నువ్వు? షట్టర్ దించు! నా అద్దాలు పోతయి!" అని చొక్కా గుంజాడు. భిక్షపతి ఆయన్నీ లోపలికి రమ్మని పిలిచాడు. జెండా కర్రలతో నలుగురైదుగురు కుర్రాళ్లు అటు ఉరికారు. "బంద్ రోజు దుకాణం తెరిచి పిలుస్తున్నవా? ఎంత ధైర్యంరా నీకు?" ఒకడు ఆయన కాలరు పట్టుకున్నాడు.

"సార్, నిమ్మళంగ. అందరికి చూపిస్త. లైన్ల రండి" అంటున్నాడు భిక్షపతి.

అండాలు లేవలేదు. నేను పక్కనే ఉన్నాను. ఆమె కళ్లు అటే ఉన్నాయి, నోరు కదులుతోంది. ఇన్నేళ్లూ ఆయన కోసం చెప్పిన జవాబులన్నీ అక్కడ తిరుగుతున్నట్టుంది. అప్పటికే సత్తయ్య గారు పరిగెత్తుతున్నారు. ఆ వయసులో, కండువా జారిపోతుంటే, "అరే ఆగుండ్రి! మనోడు! పానం బాగలేదు ఆయనకు, దెబ్బ తాకింది, ఇడువుండ్రి!" అని అరుస్తూ. నా విన్నపంలో కాగితం నిండా రాసింది ఆయన నోట అంత చిన్నగా వచ్చింది.

చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. చొక్కా గుండీ ఒకటి ఊడింది. కుర్రాళ్లలో ఒకడు వెనకే వచ్చి, "తెల్వదక్కా, ఏమనుకోకు" అని అండాలుతో చెప్పి పోయాడు. భిక్షపతి కూర్చుని, ఎగపోస్తూ, సత్తయ్య గారి వైపు నవ్వాడు. తర్వాత భార్య వైపు తిరిగాడు. నవ్వు పోయింది.

"నువ్వెందుకు రాలే?" అన్నాడు.

సత్తయ్య గారు చాలాసేపు కండువాతో మెడ తుడుచుకున్నారు.

"ఇన్నేండ్ల సంది కాళ్లు లేనోల్లను చూసిన, కండ్లు లేనోల్లను చూసిన" అన్నారు. "గిది చూడలే. చూసిన గని తెల్వలేదేమో." సమ్మె అయిపోగానే మళ్లీ డాక్టర్ల ముందుకు పంపిస్తానని, ఉన్న పేర్లలో ఏదో ఒకదాని కింద రాయించే ప్రయత్నం చేస్తానని, కొత్త పేరు సంగతి మాత్రం తన చేతిలో లేదని, పైకి రాస్తానని చెప్పారు. అంతా నెమ్మదిగా, ఏమీ పెంచకుండా చెప్పారు. చివర అండాలుతో అన్నారు:

"కని బిడ్డా, ఆ రోజు గుడ నువ్వు గిట్లనే కూసోవాలె. పక్కకెల్లి ఒక్క మాట అందియ్యొద్దు."

"ఇంకొక్కసారా సార్?" అంది అండాలు.

ఆయన తల దించుకున్నారు. నాలుగు చాయ్‌లు ఎవరో తెచ్చారు. చల్లారేదాకా ఎవరూ ముట్టుకోలేదు.

మళ్లీ సరూర్‌నగర్

బయల్దేరే రోజు పొద్దున అండాలు జొన్నరొట్టెలు చేసి, దారికని మామిడికాయ తొక్కుతో కట్టిచ్చింది. మా ఇళ్లల్లో ప్రయాణానికి పులిహోర కడతారు. రొట్టె అయితే రెండు రోజులైనా ఉంటుందని, బస్సులు ఎక్కడ ఆగిపోతాయో తెలియదని అంది. హయత్‌నగర్ దాకా తీసుకెళ్లడానికి ఆటో మాట్లాడి పెట్టింది.

భిక్షపతి స్నానం చేసి, దువ్వుకుని వచ్చాడు. మూడు రోజులుగా వాళ్ల ఇంట్లోనే ఉన్నాను. నన్ను చూసి, "రండమ్మా, కూసోండి" అన్నాడు. కూర్చున్నాను. అండాలు ఊడిన గుండీ కుడుతోంది, చొక్కా ఆయన ఒంటి మీద ఉండగానే, దారం పళ్లతో కొరుకుతూ. ఆయన తల వంచి ఆమెను చూస్తున్నాడు.

"నిన్న వాల్లు నన్ను పట్టుకుంటే నువ్వెందుకు రాలే?"

ఆమె సూది ఆగింది. "ఏమన్నవ్?"

"కుర్చీల కూసుంటివి. నేను చూసిన."

దెబ్బ తగిలిన తర్వాత ఆయన నోట నిన్న అనే మాట విని ఎరగనని ఆమె నాకు తర్వాత ఫోనులో చెప్పింది. ఉదయం తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండదు. ఆ క్షణంలో ఆమె ముఖం చూసి సంతోషమో ఏమిటో నేను చెప్పలేను. నవ్వింది, కళ్లు తుడుచుకుంది, వెంటనే భయపడింది. ఆయన చొక్కా రెండు అంచులూ పట్టుకుంది.

"ఇగో, విను. ఈ మాట నన్ను రోజు అడుగు, పడుత. కని దవాఖానల డాక్టర్ల ముంగట మాత్రం అనకు. అన్నవంటే, యాది మంచిగనే ఉన్నది గదా అని మళ్ల రాసి పంపుతరు. ఇంటున్నవా? ఆ మాట అననే అనొద్దు."

"ఏ మాట?" అన్నాడు భిక్షపతి.

ఆయన ముఖంలో ఏమీ లేదు. నిజంగానే అడుగుతున్నాడు. బయట ఆటో హారను కొట్టింది. అంతటితో వదిలేస్తే సరిపోయేది. ఆయనకు ఇక గుర్తుండదు, నేనూ లేచి వెళ్లిపోయేదాన్ని.

అండాలు సూది చొక్కాకు గుచ్చి వదిలి, ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది. దిల్‌సుఖ్‌నగర్ పోయినమని, చాయ్ కోసం పోయినవని, ఎవల్లో నీ కాలర్ పట్టుకున్నరని, నేను చూసుకుంట కుర్చీలనే కూసున్ననని చెప్పింది. ఎందుకు కూర్చుందో కూడా చెప్పింది. ఆయన శ్రద్ధగా విని, "ఎవలు పట్టుకున్నరు?" అని అడిగాడు.

నేను సంచీ తీసుకుని గడప దాటేటప్పటికి, ఆమె మొదటినుంచి మళ్లీ చెబుతోంది.